నేను కుట్టిన చుట్టకుదురు

నలభై రెండేళ్ళు వచ్చేదాకా తల మీద బిందె పెట్టుకుని నేను నాలుగడుగులు నడిచి ఎరగను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన మనిషికి, చెప్పాల్సిన రోజున చెప్పకపోవడం వల్ల ఏం జరిగిందో రాయడానికే కూర్చున్నాను కాబట్టి ఇక దాచి లాభం లేదు. నేను పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో. మోటారు వేస్తే నీళ్ళు పైకొచ్చేవి, మోటారు కాలిపోతే ట్యాంకరు వచ్చేది. ఇంట్లో బిందె ఉండేది గానీ అది వంటింటి గట్టు దిగిన పాపాన పోలేదు.

ఇప్పుడుండేది మిషిగన్‌లో, నోవైలో. కార్లలో వాడే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం నా ఉద్యోగం. అంటే ఇంకొకళ్ళు చేసిన పనిలో తప్పులు వెతికితే నాకు జీతమిస్తారు. ఇంట్లో అదే పని జీతం లేకుండా చేస్తానని మా ఆయన అంటాడు. మా అమ్మాయికి ఏడేళ్ళొచ్చినప్పుడు కూచిపూడిలో చేర్చాలనుకున్నాం. ఆ క్లాసు ముప్పావుగంట దూరం, అదీ శనివారం పొద్దున్నే, చలికాలమైతే మంచులో రోడ్డు కనపడదు. ఐరిష్ డాన్సు క్లాసేమో మా కమ్యూనిటీ పక్కనే, షాపుల వరసలో ఉంది. దగ్గరుందని చేర్చాం, అంతకుమించి ఏమీ లేదు. "మన డాన్సు పెట్టుకుని అదేంటండీ" అని తెలిసినవాళ్ళు అడిగితే మాత్రం రిథమ్ అనీ డిసిప్లిన్ అనీ పెద్ద పెద్ద కారణాలు చెప్పేదాన్ని. గొప్పలకు పోయే గుణం నాకు మొదట్నుంచీ ఉంది.

ఐరిష్ డాన్సులో చేతులు కదలకూడదు. స్కూల్లో ప్రేయర్‌కి నిలబడ్డట్టు రెండు చేతులూ పక్కలకి బిగించుకుని నిలబడితే, చేసేదంతా కాళ్ళే చేస్తాయి. బూట్ల అడుగున ముందూ వెనకా గట్టి దిమ్మలుంటాయి, వాటితో చెక్క నేలని వాయిస్తారు. సాక్సులు జారిపోకుండా పిక్కలకి జిగురు రాసి అతికిస్తారు. నాలుగేళ్ళపాటు ఆ హాల్లో నా పని ఆ జిగురు రాయడం, ఉంగరాల జుట్టు విగ్గులకి పిన్నులు పెట్టడం, పిల్లలకి మంచినీళ్ళు అందించడం. మొదటి ప్రోగ్రాంకి వచ్చిన మా ఫ్రెండ్ వాళ్ళమ్మగారు చివరిదాకా ఓపిగ్గా చూసి, "పాపకి చేతులు వచ్చే ఏడాది నేర్పుతారా అమ్మా?" అని అడిగారు.

అమ్మాయికి పదకొండేళ్ళప్పుడు వాళ్ళ డాన్సు టీచరు ఒక షో తలపెట్టింది. డెట్రాయిట్‌కి దక్షిణాన ఒక హంగేరియన్ డాన్సు గ్రూపు ఉంది. వాళ్ళతో కలిసి, ఐరిష్ డాన్సూ హంగేరియన్ డాన్సూ ఒకే స్టేజి మీద. కథ పెద్దగా ఏం లేదు. ఓడలో అమెరికాకి వస్తున్న రెండు దేశాలవాళ్ళు, ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, డెక్ మీద అడుగులతో మాట్లాడుకుంటారు. మా పిల్లలు బూట్లతో నేల వాయిస్తే, హంగేరియన్ మగవాళ్ళు మోకాళ్ళ దాకా వేసుకున్న తోలు బూట్ల మీద అరచేతులతో ఫట్ ఫట్‌మని చరిచి జవాబు చెప్పేవాళ్ళు. ఫిడేలు మాత్రం ఇద్దరికీ ఒకటే. రిహార్సల్ చూస్తూ నేను జిగురు సంగతే మర్చిపోయేదాన్ని. అంత బాగుండేది.

ఆఖరి ఐటమ్ సీసా డాన్సు. హంగేరియన్ ఆడవాళ్ళు తల మీద వైను సీసా నిలబెట్టుకుని, చేతులు నడుం మీద పెట్టుకుని చేస్తారు. షోలో మా పిల్లలు పన్నెండు మంది వెనక వరసగా నిలబడి నేల వాయిస్తూ ఉంటే, ముందు ఒక్క మనిషి తల మీద సీసాతో స్టేజి ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. ఆ మనిషికి డెబ్భై ఎనిమిదేళ్ళు. అందరూ ఆవిడని నేని అని పిలిచేవాళ్ళు. అది పేరు కాదు, వాళ్ళ భాషలో పెద్దావిడని పిలిచే మాట, మన పిల్లలు ఆంటీ అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను.

నేని మా ఇంటికి రెండు మైళ్ళలో ఒంటరిగా ఉండేది. చూపు తగ్గి డ్రైవింగ్ మానేసింది. అందుకని శనివారాలు రిహార్సల్‌కి నేను తీసుకెళ్ళేదాన్ని. మధ్యాహ్నం రెండింటికి కారు ఆపేసరికి కోటు వేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉండేది, చేతిలో గుడ్డ సంచి, అందులో సీసా. అప్పుడప్పుడూ గసగసాల ముద్ద కూరి చుట్టిన తీపి రొట్టె తెచ్చేది. మేం గసగసాలు కూరలో నూరి వేస్తామంటే నా వైపు చాలా జాలిగా చూసింది. నా పులిహోర ఒక్క స్పూను తిని, మా అమ్మాయి చేతిలోని నీళ్ళు లాక్కుని తాగింది. వెనక సీట్లో అది పడీ పడీ నవ్వింది. నా కార్లో అంత నవ్వు ఆ శనివారాల్లో తప్ప వినలేదు.

ఆ కార్లోనే తన సంగతులు ఒక్కొక్కటీ చెప్పింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ దేశంలో కాల్పులు జరిగితే, అమ్మా నాన్నా అక్కతో కలిసి నడిచి సరిహద్దు దాటింది. ఇక్కడికొచ్చాక అక్కచెల్లెళ్ళిద్దరూ తల్లి దగ్గర సీసా డాన్సు నేర్చుకున్నారు. ఎప్పుడు చేసినా ఎదురెదురుగా, జంటగానే చేశారు. ఆ అక్క అంతకు ముందు ఏడాది పోయింది. తర్వాత కొన్నాళ్ళకే నేనికి తల సన్నగా వణకడం మొదలైంది. అది తగ్గేది కాదు, పెరిగేదేనని డాక్టరు చెప్పాడు.

"ఇంకో ఏడాదికి నా తల నా మాట వినదు," అంది ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు. "అక్క లేకుండా ఒక్కసారి నడవాలి. ఆ చివర నుంచి ఈ చివరకి. ఒక్కసారే. ఆ తర్వాత ఈ సీసాని రీసైక్లింగ్ డబ్బాలో పడేసుకోండి, నేనేమీ అనను."

మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఆవిడ ఇంగ్లీషులో ప్రతి మాటకీ మొదటి అక్షరం మీద బరువు పడేది, మేకు దిగ్గొట్టినట్టు. ఇలా తెలుగులో రాస్తుంటే ఆవిడ మాటలు మెత్తబడిపోతున్నాయేమోనని నాకు బెంగగా ఉంది. మనిషి మెత్తనిది కాదు.

సీసా పెట్టుకోవడానికి ఆవిడకో పద్ధతి ఉండేది. నడినెత్తిన పాపిడి తీసి, జుట్టు నీళ్ళతో తడిపి చదునుగా అణిచేది. పిన్నులు వద్దు, రిబ్బన్ వద్దు. సీసాలో మూడో వంతు నీళ్ళు. తలకీ గాజుకీ మధ్య ఏమీ ఉండకూడదనేది. పన్నెండు జతల బూట్లు మోగితే నేల అదురుతుంది కదా, పిల్లల్ని కాస్త మెల్లగా వాయించమననా అని టీచరు అడిగితే వద్దంది. "ఆ అదురు కాళ్ళలోంచి పైకొస్తుంది. సీసా దాకా వెళ్ళి, సీసా ఎటు వంగుతోందో నా తలకి చెప్తుంది. నేను వింటాను," అంది. నేను పక్కనే ఒక పిల్లకి విగ్గు పెడుతూ ఆ మాట విన్నాను. విన్నానంతే, బుర్రలోకి ఎక్కించుకోలేదు.

షోకి నెల ముందు, వరసగా రెండు శనివారాలు సీసా జారింది. రెండుసార్లూ చేత్తో పట్టేసుకుంది. టీచరు హడలిపోయింది. తలకి ఒక పట్టీ కట్టి, దానికీ సీసాకీ వెల్‌క్రో పెడదామంది. నేని సీసాని సంచిలో పెట్టుకుని వెళ్ళి నా కార్లో కూర్చుంది. అప్పుడు టీచరు నన్ను పక్కకి పిలిచి, "మీ దేశంలో ఆడవాళ్ళు తల మీద కుండలు మోస్తారు కదా, నీకేమైనా తెలుసా? ప్లీజ్," అని అడిగింది.

మామూలుగా ఇలాంటివి అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆఫీసులో ఒకాయన మా ఊళ్ళో పాముల గురించి అడిగాడని రెండు వారాలు అతనితో మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం మండలేదు. నాలుగేళ్ళుగా పిక్కలకి జిగురు రాస్తున్న నన్ను, ఆ హాల్లో ఒక విషయం తెలిసిన మనిషిలా చూడటం అదే మొదటిసారి. నాకు బావుంది. చాలా బావుంది. "తెలియకేం, దానికి మాకో పద్ధతి ఉంది," అనేశాను.

ఇంటికొచ్చి కూకట్‌పల్లికి ఫోన్ చేశాను.

"కుండా?" అంది అమ్మ. "ఇంట్లో కుళాయి ఉండగా నేనెందుకు మోస్తానే కుండ? అక్కడ మీకు నీళ్ళు రావట్లేదా ఏంటి?"

విషయమంతా చెప్పాను. "చుట్టకుదురు పెట్టుకునేవాళ్ళట. పాత గుడ్డ గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద బిందె పెట్టుకుంటే కదలదట. ఎవరో చెప్తే విన్నా. నేనైతే ఎప్పుడూ పెట్టుకోలేదు. అయినా ఆవిడకి డెబ్భై ఎనిమిదా? హాయిగా కుర్చీలో కూర్చోబెట్టక ఆ సీసాలెందుకే?"

పాత నేత చీర ఒకటి చింపి, చుట్ట చుట్టి, పైన నేని పావడా రంగుకి కలిసేలా ఎర్ర వెల్వెట్ వేసి కుట్టాను. ఆఫీసులో రిలీజు మీద రిలీజు ఉండి చాలా రోజులు పట్టింది. పూర్తయ్యేసరికి షో మర్నాడే. గృహప్రవేశానికి వచ్చిన స్టీలు బిందె అటక మీద నుంచి దించి, నిండా నీళ్ళు పోసి, చుట్టకుదురు మీద పెట్టుకుని వంటింట్లోంచి గరాజ్ దాకా నడిచాను. బిందె కదల్లేదు. మా అమ్మాయి వీడియో తీసింది. "అమ్మా, యూ లుక్ సో లెజిట్! నువ్వు రోజూ చేసేదానిలా ఉన్నావ్," అంది. హాల్లో అద్దం ముందు కాసేపు ఆగి నన్ను నేను చూసుకున్నాను కూడా.

బిందె అడుగు గుండ్రంగా ఉంటుంది. అది చుట్టలో కుదురుగా కూర్చుంటుంది. సీసా అడుగు బల్లపరుపు. మెత్తటి గుడ్డ మీద అది కూర్చోదు, తేలుతుంది. ఏది బయటికి పంపిస్తామో దాన్నే టెస్ట్ చేయాలని ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ నేను చెప్పే మొదటి పాఠం. ఇంట్లో సీసాలకి కొరత లేదు. గాజు సీసాలో నూనె ఉంది, వెనిగర్ ఉంది. ఒక్కటి పెట్టి చూసినా తెలిసేది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మార్చి నెల, ఆదివారం మధ్యాహ్నం. ఒక హైస్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకున్నారు. పార్కింగ్ లాట్ అంచుల్లో నల్లబడిన మంచు గుట్టలు ఇంకా కరగలేదు. గ్రీన్‌రూములో నేని జుట్టు తడిపి, పాపిడి తీసుకుని కూర్చుంది. ఆ రోజు తల మామూలు కంటే ఎక్కువ వణుకుతోంది. నేను బ్యాగులోంచి చుట్టకుదురు తీసి చేతిలో పెట్టాను.

"ఇదేంటి?"

"మావాళ్ళు ఇలాగే పెట్టుకుంటారు నేనీ. ఇది ఉంటే జారదు."

"తలకీ సీసాకీ మధ్య ఏమీ వద్దు. నీకు చెప్పాను కదా."

"మా దేశంలో నిండు బిందె పెట్టుకుని మైళ్ళు నడుస్తారు. మా అమ్మమ్మ నడిచింది," అన్నాను. మా అమ్మమ్మ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. ఆవిడ తల మీద టోపీ పెట్టుకున్న ఫోటో ఉంది గానీ బిందె పెట్టుకున్నది లేదు.

నేని నా ముఖం వంక చాలాసేపు చూసింది. చుట్టని అటూ ఇటూ తిప్పి, వేలితో కుట్లు తడిమింది. "నువ్వే కుట్టావా?" అంది. అవునన్నాను. నెత్తిన పెట్టుకుంది. దాని మీద సీసా నిలబెట్టుకుంది. కార్పెట్ మీద ఆ గోడ నుంచి ఈ గోడకి పదడుగులు నడిచింది. నేను తలుపు దగ్గర నిలబడి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని చూస్తున్నాను. సీసా పడలేదు. వెనక్కి తిరిగి, సీసా దించి, "బాగుంది," అంది. ఆవిడని గట్టిగా కావలించుకున్నాను. వెళ్ళి టీచరుకి బొటనవేలు ఎత్తి చూపించాను.

ఆఖరి ఐటమ్ మొదలైంది. పిల్లలు వాయించడం మొదలుపెట్టగానే, స్టేజి పక్కన కర్టెన్ వెనక నేను నిలబడ్డ చోట కూడా నేల అదిరింది. నేని వచ్చింది. తెల్ల జాకెట్టు, ఎర్ర పావడా, చేతులు నడుం మీద. నాలుగడుగులు, ఆరడుగులు. స్టేజి మధ్యకి వచ్చేసరికి సీసా ఊగడం నాకు కనిపించింది. ఆవిడకి తెలియలేదు. ముఖంలో ఏ మార్పూ లేదు. ఇదివరకు జారిన రెండుసార్లూ సీసా సరిగ్గా వంగకముందే చెయ్యి లేచింది. ఈసారి సీసా భుజం దాటి కిందికి పోతుంటే అప్పుడు లేచింది.

మందపాటి గాజు, పగల్లేదు. నీళ్ళు చిమ్ముకుంటూ పిల్లల వరస వైపు దొర్లింది. ఏం జరిగినా ఆపకూడదని వాళ్ళకి నేర్పారు. చేతులు పక్కలకి బిగించుకుని, ఎదురుగా చూస్తూ, వాయిస్తూనే ఉన్నారు. సీసా మా అమ్మాయి కాళ్ళ పక్క నుంచి వెళ్ళిపోయింది. దాని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు మాత్రం లేవలేదు.

నేని మధ్యలో నిలబడిపోయింది. తల మీద నా చుట్టకుదురు అలాగే ఉంది. అప్పటిదాకా సీసా కింద ఎవరికీ పట్టని గుడ్డ, ఇప్పుడు ఆఖరి వరస వాళ్ళకి కూడా కనిపిస్తోంది. అప్పుడు జనం చప్పట్లు కొట్టారు. మంచివాళ్ళే, పెద్దావిడ చిన్నబుచ్చుకోకూడదని లేచి నిలబడి మరీ కొట్టారు. ఆ చప్పట్లు ఎప్పుడు ఆగుతాయా అని నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. నేని చేతులు మళ్ళీ నడుం మీద పెట్టుకుని, సీసా లేకుండానే, మిగిలిన సగం స్టేజీ నడిచింది. మెడ ఎక్కడా వంగలేదు.

గ్రీన్‌రూములో చుట్ట తీసి నా చేతికిచ్చింది. సారీ చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపింది. ఇంటికి తీసుకెళ్తావా అని మాత్రం అడిగింది. కారు వాళ్ళ వీధిలోకి తిరిగాక, "వినపడలేదు," అంది. "నేల మోగుతోంది. కాళ్ళలోకి వచ్చింది, నడుంలోకి వచ్చింది, మెడ దాకా వచ్చింది. ఆ పైన ఏమీ లేదు."

నేను ఏం చేశానో నాకు అప్పుడు అర్థమైంది. అక్కడే చెప్పేయాల్సింది. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. అది వీడియో తీసి మురిసిపోయిన అమ్మని నేను. చెప్పకుండానే వాళ్ళ గుమ్మం ముందు కారు ఆపాను.

అమ్మ ఫోన్ చేసి షో ఎలా జరిగిందంటే, బాగా జరిగిందన్నాను. తల అంత వణుకుతుంటే సీసా ఎలాగూ పడేదేమో, నువ్వెందుకు నెత్తిన వేసుకుంటావని మా ఆయన అన్నాడు. పడేదేమో. పడకపోయేదేమో. ఆ వణుకుతోనే ఆవిడ అన్ని నెలలు రిహార్సల్లో నడిచింది, జారిన రెండుసార్లూ పట్టుకుంది. ఆయన మంచికే చెప్పాడు గానీ ఆ పూట నేను ఆయనతో తగువు పెట్టుకున్నాను. షో అయ్యాక శనివారం ప్రాక్టీసులకి రావడం నేని తనంతట తానే మానేసింది. నేను వెళ్ళి పలకరించాలనుకుంటూనే ముఖం చెల్లక ఆరు వారాలు గడిపేశాను.

మే నెలలో నేని వాళ్ళబ్బాయి ఒహాయో నుంచి వచ్చి ఆవిడని తన దగ్గరికి తీసుకెళ్ళిపోతున్నాడని టీచరు చెప్పింది. ఇక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని బయల్దేరాను. వాళ్ళబ్బాయి బయట వ్యాన్‌లోకి సామాను ఎక్కిస్తున్నాడు. నేని వంటింట్లో, మిగిలిన ఒక్క కుర్చీలో కూర్చుంది. తల ఇప్పుడు ఆగకుండా ఊగుతోంది, ఎవరో అడిగినదానికి కాదు కాదు అంటున్నట్టు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. నేను సామాను సర్దిన అట్టపెట్టె మీద కూర్చున్నాను.

"నేనీ, మీకొకటి చెప్పాలి. నేను తల మీద ఎప్పుడూ ఏమీ మోయలేదు. మా అమ్మా మోయలేదు, మా అమ్మమ్మా మోయలేదు. ఫోన్లో విని కుట్టాను. సీసా పెట్టి చూడను కూడా చూడలేదు."

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నీకు తెలియదని. కార్పెట్ మీద మూడో అడుగులోనే తెలిసిపోయింది. సీసా తేలుతోంది."

"మరి తీసెయ్యలేదేం? నాకు చెప్పొచ్చు కదా. స్టేజి మీదకి వెళ్ళేముందు తీసి పక్కన పడేస్తే నేనేం చేసేదాన్ని?"

ఆవిడ కప్పుని జాగ్రత్తగా నేల మీద పెట్టింది. "తీసేద్దామనే అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉన్నావు. ఇన్ని శనివారాల్లో నువ్వంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు."

నిజమే. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను.